మంద వెంట కుక్క: పరాన్నజీవులు ఒక జంతువు నుంచి ఇంకో జంతువుకు ఎలా చేరతాయి

గొర్రె కార్జంలో హైడాటిడ్ తిత్తి, అంటే ఒక పురుగు పిల్ల కట్టుకున్న నీటి సంచి, ఉందనుకుందాం. ఆ గొర్రె మిగతా మందతో కలిసి మేస్తుంది, ఒకే కుంటలో నీళ్లు తాగుతుంది, రాత్రి దొడ్డిలో పక్కదాన్ని ఆనుకుని పడుకుంటుంది. ఏళ్లు గడిచినా దాని నుంచి పక్క గొర్రెకు ఆ జబ్బు అంటదు. పాలు తాగే పిల్లకు అంటదు. కోసిన మనిషికి అంటదు, వండుకుని తిన్నవాళ్లకూ అంటదు. అయినా అదే మందలో ఇంకో నాలుగు గొర్రెల్ని కోస్తే వాటి కార్జాల్లోనూ ఊపిరితిత్తుల్లోనూ అవే తిత్తులు బయటపడొచ్చు. అవి మంద వెంట నడిచే కుక్క నుంచి వచ్చాయి.

అంటువ్యాధి అనగానే మనకు దగ్గు, తుమ్ము, చెయ్యి తగలడం, దూరం పాటించడం గుర్తొస్తాయి. కరోనా ఆ బొమ్మను మన బుర్రల్లో గట్టిగా ముద్రించి పోయింది. గజ్జి లాంటి ఒంటికి ఒళ్లు తగిలి పాకే జబ్బుల్ని పక్కన పెడితే, పరాన్నజీవుల విషయంలో ఆ బొమ్మ చాలాసార్లు పనికిరాదు. ఇక్కడ అడగాల్సిన ప్రశ్నలు వేరు. ఎవరు ఎవరిని తింటున్నారు? ఎవరి మలం ఎక్కడ పడుతోంది? ఎవరి రక్తం తాగిన ఈగ ఎవరి మీద వాలుతోంది? జబ్బు పేరు తెలియకపోయినా వీటికి జవాబు దొరికితే దాని దారి చాలావరకు దొరికినట్టే.

హైడాటిడ్‌కు కారణమైన ఎకినోకాకస్ గ్రాన్యులోసస్ ఒక బద్దె పురుగు. బద్దె పురుగంటే మీటర్ల పొడవు ఊహించుకుంటాం గానీ, ఇది మహా అయితే ఏడు మిల్లీమీటర్లు. తల, మెడ, మూడు నాలుగు కణుపులు, అంతే. కుక్క చిన్నపేగులో వేల సంఖ్యలో అతుక్కుని ఉన్నా ఆ కుక్క మామూలుగానే తిరుగుతుంది. బక్కచిక్కదు, తిండి మానదు. చూసి కనిపెట్టడం ఎవరి తరమూ కాదు. గుడ్లతో నిండిన చివరి కణుపు తెగి మలంతో బయటికొస్తుంది. ఆ గుడ్లు కంటికి కనపడవు. మండుటెండకు, పొడికి త్వరగా చస్తాయి గానీ, చల్లగా తేమగా ఉన్నచోట నెలల తరబడి బతుకుతాయి. గడ్డి మీద, కుంట గట్టున, ఆకుకూర మడిలో, కుక్క బొచ్చు మీద, మూతి మీద ఉంటాయి.

గొర్రె ఆ గడ్డి మేస్తే గుడ్డు పేగులో విచ్చుకుని, లోపలి పిల్లపురుగు పేగు గోడను తొలుచుకుని రక్తంలో పడుతుంది. పేగుల నుంచి రక్తం మొదట చేరేది కార్జానికి, అక్కడ చిక్కుకోనిది ఊపిరితిత్తులకు పోతుంది. అందుకే తిత్తులు ఎక్కువగా ఆ రెండు చోట్లే. అవి పెరిగేది మెల్లగా, ఏళ్ల తరబడి. కోసి చూస్తే బయట తెల్లటి మందపాటి పొర, లోపల ఊట నీళ్లలా తేటగా ఉండే ద్రవం, అడుగున సన్నటి ఇసుక. వైద్యులు దాన్ని హైడాటిడ్ ఇసుక అనే అంటారు. ఆ రేణువుల్లో పురుగు తలలుంటాయి, కుక్క కడుపులో పడితే వాటిలో ప్రతి తలా ఒక పూర్తి పురుగు కాగలదు. ఆరేడు వారాల్లో ఆ పురుగు మళ్లీ గుడ్లు విడవడం మొదలుపెడుతుంది.

అంటే ఈ పురుగు గమ్యం చేరాలంటే మధ్యలో బస్సు మారాల్సిందే, డైరెక్ట్ సర్వీసు లేదు. కుక్క గుడ్డు తింటే కుక్కకు పురుగు రాదు, తిత్తి తింటేనే వస్తుంది. గొర్రెకు గుడ్డు వల్లే వస్తుంది. మనిషి సంగతేమిటి? గుడ్డు మింగిన మనిషి ఈ పురుగు లెక్కలో ఒక గొర్రె. కార్జంలోనో ఊపిరితిత్తిలోనో తిత్తి పెరుగుతుంది. కాకపోతే మన కార్జాన్ని ఏ కుక్కా తినదు కాబట్టి పురుగు ప్రయాణం అక్కడితో ఆగిపోతుంది. మనిషి దానికి దారితప్పిన చోటు మాత్రమే. అయినా ఆ దారితప్పిన చోటుకే ఆపరేషన్ అవసరమవుతుంది. తిత్తి పదేళ్లు కూడా చప్పుడు చేయకుండా ఉండి, ఇంకేదో నొప్పికి స్కానింగ్ చేయిస్తే బయటపడుతుంది. లోపలే పగిలితే ఒళ్లంతా తీవ్రమైన ఎలర్జీ వచ్చి ప్రాణం మీదికి రావచ్చు, చిమ్మిన ఇసుక నుంచి కొత్త తిత్తులు మొలవచ్చు.

రిపోర్టులో ఆ పేరు చూడగానే ఇళ్లలో మొదట ఆపేసేది మటన్. పాపం మటన్ చేసిన తప్పేమీ లేదు. కుక్కను నిమిరిన చేత్తో అన్నం తినడం, కడగని పచ్చి ఆకుకూర, కుక్కలు తిరిగే చోటి నీళ్లు, ఇవీ అసలు దారులు. మటన్ షాపు దగ్గర ప్రమాదం లేదని కాదు. ఉంది, కానీ అది మన సంచిలోకి రాదు, షాపు వెనక్కి పోతుంది.

ఆదివారం పొద్దున ఊరి చివర పొట్టేలును కోసే చోటు ఎలా ఉంటుందో అందరికీ తెలుసు. కార్జం బయటికి తీసినప్పుడు దాని మీద తెల్లటి నీటి బుగ్గ కనిపిస్తే కోసేవాళ్లు ఆ భాగం వరకు తెగ్గోసి పక్కకు విసిరేస్తారు. అలాంటి ముక్క గిరాకీకి ఇవ్వరు, అది వాళ్ల నిజాయితీ. కాస్త దూరంలో కూర్చున్న కుక్కలు ఎదురుచూసేది దానికోసమే. కొనేవాళ్లకు పనికిరాదని పారేసిన ఆ ఒక్క ముక్కే పురుగుకు కావలసిన ముక్క. మొత్తం గొర్రెలో ప్రమాదకరమైన భాగాన్ని ఏరి మరీ కుక్క నోట్లో పెడుతున్నామన్నమాట. 2019 పశుగణన ప్రకారం తెలంగాణలో 1.91 కోట్ల గొర్రెలు, ఆంధ్రప్రదేశ్‌లో 1.76 కోట్లు. దేశంలో మొదటి రెండు స్థానాలూ మనవే. కాబట్టి ఈ పురుగు గురించి బెంగ పడాల్సినవాళ్లలో మనం ముందు వరుసలో ఉన్నాం.

తిత్తికీ పురుగుకూ సంబంధం ఉందని తేలడానికే చాలా కాలం పట్టింది. రెండూ వేర్వేరు జీవులనుకునేవారు. 1850ల మొదట్లో జర్మనీలో కార్ల్ ఫాన్ సీబోల్డ్ గొర్రె తిత్తుల్ని కుక్కలకు తినిపించి, వాటి పేగుల్లో బద్దె పురుగులు పెరగడం చూపించాడు. అదే కాలంలో ఫ్రెడ్రిక్ క్యూఖెన్‌మైస్టర్ ఇంకా ముందుకెళ్లి, పంది మాంసంలో ఉండే మరో బద్దె పురుగు తిత్తుల్ని మరణశిక్ష పడిన ఖైదీకి భోజనంలో కలిపి పెట్టి, శిక్ష అమలయ్యాక పేగు కోసి పురుగుల్ని చూశాడు. ఇవాళ ఏ కమిటీ ఒప్పుకోని పని. ఫలితం మాత్రం పాఠ్యపుస్తకాల్లో నిలిచిపోయింది.

ఆ జ్ఞానాన్ని ఊళ్లలోకి తీసుకెళ్లిన మొదటి దేశం ఐస్‌లాండ్. గొర్రెలు, కుక్కలు, మట్టి ఇళ్లు, చలికాలమంతా అందరూ ఒకే కప్పు కింద. అక్కడ ఏడుగురిలో ఒకరికి ఈ జబ్బు ఉందని 19వ శతాబ్దం మధ్యలో ఒక వైద్యుడు అంచనా వేశాడు. తర్వాతి అంచనాలు అంతకన్నా తక్కువే, అయినా చిన్నవి కావు. 1863లో హరాల్డ్ క్రాబె అనే డేనిష్ శాస్త్రవేత్త అక్కడికెళ్లి 100 కుక్కల పేగులు పరీక్షిస్తే 28 కుక్కల్లో ఈ పురుగు దొరికింది. మరుసటి ఏడు ఆయన రాసిన చిన్న పుస్తకాన్ని ఇంటింటికీ ఉచితంగా పంచారు. 1869లో కుక్కల మీద చట్టం వచ్చింది. తర్వాతి కొన్ని దశాబ్దాల్లో జబ్బు కరిగిపోయి, చివరికి దేశంలోనే లేకుండా పోయింది.

ఈ కథను ప్రజలకు చదువు చెప్పడం వల్ల వచ్చిన విజయంగా చెప్పుకుంటారు. నిజమే, కానీ నా అనుమానం సంతకూ అందులో పెద్ద వాటానే ఉందని. అంతకుముందు అక్కడి రైతులు ఉన్ని కోసం, కొవ్వు కోసం గొర్రెల్ని ముదిరేదాకా ఉంచేవారు. 19వ శతాబ్దం చివర్లో బ్రిటన్‌కు బతికున్న గొర్రెల ఎగుమతి ఊపందుకుంది, ఆ తర్వాత లేత పిల్లల్ని కోసి అమ్మే పద్ధతి వచ్చింది. తిత్తిలో ఇసుక తయారు కావడానికి ఏళ్లు పడుతుంది. ముదురు గొర్రె ఆ నేల మీద కోతకు రాకపోతే, లేత పిల్ల కార్జంలో తిత్తి మొదలైనా అది కుక్కకు అంటించే స్థాయికి చేరదు. పురుగును చంపాలని ఎవరూ అనుకోకుండానే దాని దారిలో ఒక మెట్టు విరిగింది.

న్యూజిలాండ్ ఇంకో పద్ధతి పట్టింది. 1959లో ప్రత్యేక చట్టం చేసి, ఊరూరా కుక్కల్ని ఒకచోటికి రప్పించి విరేచనాల మందు పట్టించారు. ఆ మందు అరెకోలిన్. మనం నమిలే వక్కలో ఉండేదే. కుక్క కడుపు ఖాళీ అయ్యాక ఆ మలంలో పురుగులున్నాయో లేదో చూసేవారు. పురుగు దొరికితే యజమాని పరువు గోవిందా! తర్వాత ప్రాజిక్వాంటెల్ అనే పురుగుల మందు వచ్చాక ఆరు వారాలకోసారి మాత్ర వేయడం మొదలైంది. ఆ ఆరు వారాల లెక్క ఊరికే పెట్టింది కాదు. మాత్ర ఆ రోజు పేగులో ఉన్న పురుగుల్ని చంపుతుంది, మర్నాడు తిన్న తిత్తి మీద దానికి పట్టులేదు. కానీ కొత్త పురుగు గుడ్లు పెట్టేలోపే ఇంకో మాత్ర పడితే, కుక్క ఎన్ని తిత్తులు తిన్నా గుడ్డు బయటికి రాదు. 2002లో న్యూజిలాండ్ తాత్కాలికంగా ఈ జబ్బు లేని దేశంగా ప్రకటించుకుంది.

అదే మాత్రల పథకం మన దగ్గర పెడితే సరిపోతుందా అంటే, కష్టం. అక్కడ ప్రతి కుక్కకూ ఒక యజమాని ఉన్నాడు, పేరుంది, రిజిస్టర్ ఉంది. మన వీధి కుక్కకు ఆరు వారాలకోసారి మాత్ర ఎవరు వేస్తారు? అందుకని మన దగ్గర రెండో చివరను పట్టుకోవడం మేలు. తిత్తి ఉన్న కార్జాన్ని, ఊపిరితిత్తిని లోతైన గుంటలో పూడ్చడం, కాల్చడం, లేదా కుక్కకు పెట్టేట్టయితే అరగంట బాగా ఉడకబెట్టి పెట్టడం. ఇందులో టెక్నాలజీ ఏమీ లేదు. కోసే చోట మూతున్న గుంట ఉండాలి, అంతే. మూడో దారి గొర్రెకే టీకా వేయడం. 1990లలో న్యూజిలాండ్, ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు తయారుచేసిన ఈజీ95 అనే టీకా, గుడ్డులోంచి వచ్చిన పిల్లపురుగును తిత్తి కట్టకముందే అడ్డుకుంటుంది. చైనా, అర్జెంటీనా దాన్ని వాడాయి.

ఇంతవరకూ చెప్పింది ఊరి వ్యవహారం. అడవిలో పురుగుకు ఇంకో ఇబ్బంది ఉంది, కోసి విసిరే మనిషి అక్కడ లేడు. గొర్రెల్లాంటి జంతువు మాంసాహారి నోట పడితేనే దాని బతుకు. అందువల్ల తనను మోసే జంతువు సులభంగా దొరికిపోతే పురుగుకే లాభం. ఉత్తర అమెరికాలో మూస్ అనే పెద్ద జింకకూ తోడేలుకూ మధ్య దీనికి దగ్గరి చుట్టమైన పురుగు తిరుగుతుంది. ఊపిరితిత్తుల నిండా తిత్తులున్న మూస్ దూరం పరిగెత్తలేక తోడేళ్లకు చిక్కుతుందని కొందరు పరిశోధకుల వాదన. ఇంకా స్పష్టమైన ఉదాహరణ మన గొర్రెల్లోనే ఉంది. కుక్క నుంచి వచ్చే మరో బద్దె పురుగు గొర్రె మెదడులో తిత్తి కడుతుంది. ఆ గొర్రె తల ఒక పక్కకు వాల్చి, ఒకే వైపు గుండ్రంగా తిరుగుతూ మందకు దూరమైపోతుంది. తోడేలుకు అంతకన్నా ఏం కావాలి? ఆస్ట్రేలియాలో అయితే బ్రిటిష్ వాళ్ల గొర్రెలతో, కుక్కలతో దిగిన హైడాటిడ్ పురుగు అక్కడి అడవి కుక్క డింగోలోకి, చిన్న కంగారూ జాతి వాలబీల్లోకి దూరి స్థిరపడిపోయింది. ఇవాళ గొర్రె ఒక్కటి కూడా లేని అడవిలోనూ అది నిక్షేపంగా ఉంది. పశువుల కోసం చేసిన ఏ పథకమూ దాన్ని ముట్టుకోలేదు.

అన్ని పరాన్నజీవులూ ఇంత పట్టుదలగా ఉండవు. టాక్సోప్లాస్మా అనే ఏకకణ పరాన్నజీవికి ఒకే ఒక్క షరతు, దాని లైంగిక దశ పిల్లి జాతి పేగులోనే జరగాలి. మిగతా దశలకు ఎలుక, మేక, పంది, మనిషి, పక్షి, ఏదైనా ఫర్వాలేదు. 1908లోనే దీన్ని కనుగొన్నా, పిల్లి పాత్ర తేలింది 1970 ప్రాంతంలోనే. ఆ పని చేసినవారిలో భారతదేశంలో పుట్టిన జె.పి. దూబే ఒకరు. ఎలుకకు ఇది సోకితే పిల్లి వాసనంటే భయం తగ్గుతుందని ప్రయోగాల్లో కనిపించింది. సోకిన పిల్లి ఒకటి రెండు వారాల పాటు మలంలో గుడ్ల లాంటి బీజకోశాల్ని కోట్ల కొద్దీ వదిలి, తర్వాత సాధారణంగా ఆపేస్తుంది. కానీ ఆ రెండు వారాల సరుకు ఎంత దూరం పోతుందో కాలిఫోర్నియా తీరంలో తెలిసింది. సముద్రపు నీటికుక్కలు ఈ జబ్బుతో చస్తున్నాయి. అవి జన్మలో పిల్లిని చూసి ఉండవు. గట్టు మీద పిల్లి వదిలినదాన్ని వాన నీరు కాలువల్లోకి, కాలువలు సముద్రంలోకి తోసేశాయి. నత్తలు, ఆల్చిప్పలు దాన్ని పోగేసుకున్నాయి, నీటికుక్కలు వాటిని తిన్నాయి.

రక్తం దారి వేరు. 1880లో గ్రిఫిత్ ఇవాన్స్ అనే పశువైద్యుడు, ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉన్న డేరా ఇస్మాయిల్ ఖాన్ దగ్గర, జబ్బుపడిన గుర్రాల, ఒంటెల రక్తంలో ఈదుతున్న సన్నటి జీవుల్ని చూశాడు. అదే సర్రా జబ్బు. 1897లో సికింద్రాబాద్‌లో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో చూసిన మలేరియా పరాన్నజీవికి దోమలో కొన్ని రోజులు పెరగాల్సిన పని ఉంది. సర్రాకు అదేమీ అక్కర్లేదు. జోరీగ ఒక పశువును కుడుతుండగా అది తోకతో కొడితే, ఈగ మూతికి అంటిన రక్తంతోనే పక్క పశువు మీద వాలుతుంది. ఆ తడి ఆరేలోపు కుడితే పని అయిపోయినట్టే. అందుకే ఇది వానాకాలంలో, పశువులు కిక్కిరిసిన చోట ఎక్కువ. ఇందులో అసలు చిక్కు, ఒకే జీవి ఒక్కో జంతువులో ఒక్కోలా ప్రవర్తించడం. గేదెలో చాలాసార్లు పైకి ఏమీ కనపడదు, పాలు తగ్గాయని రైతు అనుకుంటాడు. అదే గుర్రానికి, కుక్కకు వస్తే ప్రాణం తీస్తుంది. 2000 జూలైలో ఒడిశా నందన్‌కానన్ జూలో పన్నెండు పులులు చనిపోయింది ఈ జబ్బుతోనే.

మనుషులకు సర్రా రాదనే ధీమా చాలాకాలం ఉండేది. మన రక్తంలో ఉండే అపోలిపోప్రోటీన్ ఎల్1 అనే ప్రోటీన్ ఈ జీవిని కరిగించేస్తుంది. అలాంటిది మహారాష్ట్రలో, మన ఆసిఫాబాద్ వైపు సరిహద్దును ఆనుకుని ఉన్న చంద్రపూర్ జిల్లాలో, 2004లో ఒక రైతుకు అది సోకింది. పరీక్షిస్తే ఆయన శరీరంలో ఆ ప్రోటీన్ తయారే కావడం లేదు. మందులతో ఆయన కోలుకున్నారు.

ఇవేవీ కాకుండా తల్లి నుంచే పిల్లకు పోయే దారి కూడా ఉంది. పుట్టిన నెలలోపే గేదె దూడ కడుపు ఉబ్బి, దుర్వాసనతో పారుకుంటుంటే పాలు అరగలేదనుకుంటారు. చాలాసార్లు అది ఏలిక పాములు. గేదె ఒంట్లో నిద్రపోతున్న పిల్లపురుగులు ఈత సమయానికి లేచి, పొదుగులోకి చేరి, మొదటి రోజుల పాలలో దూడ కడుపులో పడతాయి. దూడ గడ్డి కొరకకముందే నట్టల మందు పట్టాలని పశువైద్యులు చెప్పేది అందుకే.

దారులన్నీ తెలిశాయనుకున్నాక కూడా ఎదురుదెబ్బలు తగలొచ్చని చెప్పేది నారికురుపు. 1986లో ప్రపంచంలో ఏటా 35 లక్షల మందికి వచ్చేదని అంచనా. దిగుడుబావి నీళ్లు, వాటిలోని సూక్ష్మమైన నీటి పురుగులు, వాటిని తాగిన మనిషి, ఏడాది తర్వాత కాలిలోంచి బయటికొచ్చే సన్నటి పొడవాటి పురుగు. మన దేశంలో చివరి కేసు 1996లో రాజస్థాన్‌లో నమోదైంది, 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ భారత్‌కు విముక్తి పత్రం ఇచ్చింది. టీకా లేదు, మందు లేదు, తాగే నీళ్లను జాగ్రత్త చేసుకోవడంతోనే సాధించారు. ఈ లెక్కంతా ఒక్క నమ్మకం మీద నిలబడింది, ఈ పురుగుకు మనిషి తప్ప వేరే ఇల్లు లేదని.

ఆఫ్రికాలోని చాద్‌లో దాదాపు పదేళ్లు ఒక్క కేసూ లేక, 2010లో మళ్లీ కనిపించింది. 2012 నుంచి కుక్కల కాళ్లలోంచి అదే పురుగు రావడం మొదలైంది. జన్యు పరీక్షలో మనిషి పురుగు, కుక్క పురుగు ఒకటేనని తేలింది. 2019 నాటికి అక్కడ ఏడాదికి 1900కు పైగా కుక్కల్లో పురుగు దొరికింది, మనుషుల్లో పదుల సంఖ్యలోనే. కుక్కలు నీళ్లు నాలుకతో గతుకుతాయి, అలా తాగితే నీటి పురుగు నోట్లో పడే అవకాశం తక్కువ. అందుకని అనుమానం చేపల మీదికి, కప్పల మీదికి మళ్లింది. షారీ నది ఒడ్డున జాలరులు చేపలు శుభ్రం చేసి పేగులు గట్టున పడేస్తారు, కుక్కలు అవి తింటాయి.

ఇప్పుడు అక్కడి ఊళ్లలో చేప పేగుల్ని పూడ్చిపెడుతున్నారు. పురుగు సోకిన కుక్కను అది పూర్తిగా బయటికొచ్చేదాకా గొలుసుతో కట్టేసి, చెరువు దగ్గరికి పోనివ్వడం లేదు. సమాచారం ఇచ్చినవాళ్లకు నగదు బహుమతి ఇస్తున్నారు. కుక్కల కేసులు కొన్ని వందలకు తగ్గాయి. 2024లో ప్రపంచం మొత్తం మీద మనుషుల్లో వచ్చినవి 15 కేసులు. అయినా చాద్‌కు విముక్తి పత్రం రావాలంటే మనుషుల్లో సున్నా వస్తే చాలదు, కుక్కల్లో కూడా సున్నా రావాలి.